సుత్తి పిడికిలి: కుంగ్‌ఫూలో పైనుంచి దిగే దెబ్బ

పిడికిలి బిగించి, చిటికెన వేలి వైపు ఉండే కింది భాగంతో కొట్టే దెబ్బను హ్యామర్ ఫిస్ట్ అంటారు. తెలుగులో సుత్తి పిడికిలి అనుకోవచ్చు. నిజానికి మనకు ఇంతకంటే దగ్గరి మాటే ఉంది. ‘వీపు మీద పిడిగుద్దులు గుద్దారు’ అన్నప్పుడు కళ్ల ముందు కనపడేది ఈ దెబ్బే. వేలి కణుపులతో ముందుకు పొడిచే గుద్దు కాదు, మేకు మీద సుత్తి దించినట్టు పైనుంచి దించే గుద్దు. మూసిన తలుపును గట్టిగా బాదేటప్పుడు, కోపంతో బల్ల మీద కొట్టేటప్పుడు, ఎవరూ నేర్పకుండానే చేయి ఈ ఆకారంలోకి వచ్చేస్తుంది. మారాం చేసే పసివాడు నేలను కొట్టేదీ ఇలాగే.

ఇంత సహజమైన దాన్ని మళ్లీ నేర్చుకునేదేముంది అనిపిస్తుంది. చైనా సంప్రదాయ కుంగ్‌ఫూలో ఈ దెబ్బ సాధన చూస్తే జవాబు దొరుకుతుంది. అక్కడ పాఠం పిడికిలికి కాదు. భుజానికి, నడుముకు, మోకాళ్లకు. చేతిని రాయిలా చేసుకోవడం వేరు, చేతిని సరిగ్గా ఊపడం వేరు. ఈ రెండూ ఒకటేననుకుని పెంకులు, ఇటుకల మీద పిల్లల చేతులు పెట్టించే చోటే అసలు ఇబ్బంది మొదలవుతుంది. కుంగ్‌ఫూ అనే మాటకు కూడా చైనా భాషలో కొట్లాట అని అర్థం లేదు. కాలం పెట్టి, కష్టపడి సంపాదించుకున్న పనితనం అని అర్థం. మంచి వంటమనిషికీ కుంగ్‌ఫూ ఉందంటారు అక్కడ.

పేర్ల గందరగోళం

చైనా యుద్ధవిద్యల్లో పిడికిలికి రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి ‘చువాన్’, అంటే పిడికిలి. శైలి పేరు చివర వచ్చేది కూడా ఇదే. మన దగ్గర తాయ్‌చీ అని పిలిచే విద్య పూర్తి పేరు తాయ్‌చీ చువాన్. రెండోది ‘చ్వేయ్’. దీన్ని రెండు రకాలుగా రాస్తారు. చేతి గుర్తు చేర్చి రాస్తే బాదడం, దంచడం. లోహం గుర్తు చేర్చి రాస్తే సుత్తి. పలకడం మాత్రం ఒకేలా ఉంటుంది. పాత ఫామ్‌ల పేర్లలో ఒకదాని బదులు ఇంకొకటి రాయడం మామూలే.

దీంతో ఒక చిక్కు వచ్చింది. పేరులో చ్వేయ్ కనపడగానే అది సుత్తి పిడికిలేనని కొందరు అనువదించేస్తారు. తాయ్‌చీలో ‘బాన్ లాన్ చ్వేయ్’ అని ఒక ప్రసిద్ధమైన కదలిక ఉంది. ఎదుటివాడి చేతిని పక్కకు జరిపి, అడ్డుకుని, చివర గుద్దుతారు. ఆ చివరి గుద్దు నేరుగా ముందుకు వెళ్లేదే కానీ పైనుంచి దిగేది కాదు. అదే విద్యలో ‘జాయ్ చ్వేయ్’ కిందికి వెళ్తుంది. కానీ అది కూడా నాటు వేసినట్టు కణుపులతో కిందికి పొడిచే గుద్దు. పేరులో సుత్తి ఉన్నంత మాత్రాన చేతిలో సుత్తి ఉండదన్నమాట.

మరి అసలు సుత్తి పిడికిలిని ఎలా గుర్తుపట్టాలి? చైనా గురువులు పిడికిలిని ఐదు భాగాలుగా చెబుతారు. వేళ్ల మొదటి ఎముకలు కనపడే ముందు భాగం పిడికిలి ముఖం. అరచేతి వెనక భాగం పిడికిలి వీపు. వేళ్లు ముడుచుకున్న లోపలి వైపు పిడికిలి గుండె. బొటనవేలు, చూపుడువేలు కలిసేచోట చిన్న గుంట కనపడుతుంది, అది పిడికిలి కన్ను. దానికి సరిగ్గా ఎదురుగా, చిటికెన వేలి వైపు గుండ్రంగా కనపడే భాగం పిడికిలి చక్రం. దీన్నే ‘చువాన్ లున్’ అంటారు. దెబ్బ ఈ చక్రం మీద దిగితేనే అది సుత్తి పిడికిలి. చేయి చాపి పైనుంచి కిందికి చక్రంతో నరికినట్టు కొట్టడాన్ని ‘పి’ అంటారు. చీల్చడం అని అర్థం, కట్టెలు కొట్టేటప్పుడు గొడ్డలి చేసే పని. మోచేయి వంచి పిడికిలి వీపుతో కిందికి దించడాన్ని ‘జా’ అంటారు, అంటే చితకబాదడం. ఈ రెండూ అన్నదమ్ముల్లాంటివి. చూసేవాళ్లకు ఒకేలా ఉంటాయి, తగిలే చోటు మాత్రం వేరు.

దెబ్బ ఎలా తయారవుతుంది

నాలుగు వేళ్లు వదులు లేకుండా ముడవాలి. బొటనవేలు చూపుడు, మధ్య వేళ్ల మీద అడ్డంగా పడుకోవాలి. లోపల ఖాళీ ఉంటే దెబ్బ తగిలినప్పుడు వేళ్లు ఒకదాని మీద ఒకటి నలుగుతాయి. అలాగని మొదటి నుంచీ పళ్లు బిగించినట్టు పిడికిలి బిగించకూడదు. చేయి ఊగేటప్పుడు వదులుగా ఉండి, తగిలే క్షణంలో బిగుసుకోవాలి. మొదటి నుంచీ బిగిస్తే ముంజేయి, జబ్బ, మెడ అన్నీ కలిసి బిగుసుకుపోతాయి. అప్పుడు వేగం రాదు.

తగలాల్సిన చోటు చిన్నదే. చిటికెన వేలి మొదలుకు, మణికట్టు ఎముకకు మధ్య ఉన్న మెత్తటి కండ. మరీ ముందుకు జరిగితే చిటికెన వేలి కణుపు నలుగుతుంది. మరీ వెనక్కు జరిగితే మణికట్టు దగ్గరున్న చిన్న ఎముకలు దెబ్బ తింటాయి. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

మోచేయి కర్రలా నిటారుగా ఉండకూడదు. కాస్త వంపు ఉండాలి, లేకపోతే అదురు అంతా మోచేతి కీలులోకి పోతుంది. భుజం చెవి దాకా ఎగరకూడదు. చేయి పైకి వెళ్లినా భుజం కిందే ఉండాలి. క్లాసులో గురువు పిల్లల భుజాల మీద చేయి పెట్టి కిందికి నొక్కుతూ తిరిగేది అందుకే.

ఇక అసలు బలం. మనిషి ఒక చేయి బరువు ఒంటి బరువులో దాదాపు 5 శాతం ఉంటుంది. అంటే 60 కిలోల మనిషి చేయి సుమారు 3 కిలోలు. చేతిని మాత్రమే ఊపితే మన దగ్గరున్న సుత్తి ఆ 3 కిలోలే. దించే క్షణంలో మోకాళ్లు కొద్దిగా దిగి, నడుము తిరిగి, ఛాతీ లోపలికి వాలితే అప్పుడు ఒంటి బరువులో కొంత భాగం ఆ చేతి వెనక చేరుతుంది. కమ్మరి దుకాణంలో సమ్మెట కొట్టే మనిషిని చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. అతని చేతులు సమ్మెటను పైకి తీసుకెళ్తాయి. కిందికి మాత్రం ఒళ్లంతా దిగుతుంది. ఊపిరి కూడా దెబ్బతోపాటే బయటికి వస్తుంది.

కణుపుల గుద్దుతో పోలిస్తే దీనికున్న లాభం ఎముకల అమరికలోనే ఉంది. ముందుకు గుద్దినప్పుడు తగిలిన తాకిడి అరచేతిలోని సన్నటి ఎముకల పొడవునా వెనక్కు వస్తుంది. చిటికెన వేలి వెనకుండే ఎముక వీటిలో బలహీనం. కోపంతో గోడను గుద్దిన కుర్రాళ్లకు ఎక్కువగా విరిగేది అదే. డాక్టర్లు దీన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు. పేరు బాక్సర్లదే అయినా, గుద్దడం సరిగ్గా నేర్చుకోని వాళ్లకే ఇది ఎక్కువగా అవుతుందని కూడా వాళ్లే చెబుతారు. సుత్తి పిడికిలిలో మణికట్టు ముందుకో వెనక్కో మడతపడే ప్రమాదం తక్కువ, మధ్యలో కండ దిండులా అడ్డుంటుంది. ఏ శిక్షణా లేని మనిషి కూడా తన చెయ్యి విరగ్గొట్టుకోకుండా కొట్టగలిగే దెబ్బల్లో ఇది ఒకటి. అమ్మాయిల ఆత్మరక్షణ క్లాసుల్లో ఇది తరచూ కనపడేదీ ఈ కారణంతోనే.

లోపాలూ ఉన్నాయి. ఇది వంపు తిరిగి వచ్చే దెబ్బ, దారి పొడవు ఎక్కువ. చేయి పైకి లేవగానే ఎదుటివాడికి తెలిసిపోతుంది. ఆ లేచిన చేతి కింద డొక్క ఖాళీగా కనపడుతుంది. అందుకే సంప్రదాయ ఫామ్‌లలో సుత్తి పిడికిలి ఒంటరిగా వచ్చేది తక్కువ. ముందు ఒక చెయ్యి ఎదుటివాడి చేతిని పట్టి కిందికి లాగుతుంది, లేదా పక్కకు తోస్తుంది. దారి తెరుచుకున్నాక రెండో చెయ్యి దిగుతుంది. చాలాసార్లు అది దిగేది మొహం మీదా తల మీదా కాదు, కొట్టడానికి వచ్చిన ఆ ముంజేతి మీదే. సినిమాల్లో ఈ సగం కనపడదు. హీరో చేయి నేరుగా విలన్ నెత్తి మీదే పడుతుంది కదా!

ఏ శైలిలో ఎలా

హెనాన్ ప్రావిన్సులోని చెన్ వంశం వాళ్ల ఊరు చెన్‌జియాగౌ. తాయ్‌చీలో పాతదైన చెన్ శైలి అక్కడిదే. ఆ శైలి మొదటి ఫామ్ ప్రారంభంలోనే ‘జిన్‌గాంగ్ దావ్ ద్వేయ్’ అనే కదలిక వస్తుంది, తర్వాత కూడా తిరిగి తిరిగి వస్తుంది. జిన్‌గాంగ్ అంటే బౌద్ధ గుళ్ల దగ్గర కనిపించే బలశాలి కావలివాడు. దావ్ ద్వేయ్ అంటే రోట్లో దంచడం. కుడి పిడికిలి, కుడి మోకాలు కలిసి పైకి లేస్తాయి. తర్వాత పిడికిలి పొట్ట ముందున్న ఎడమ అరచేతిలోకి, పాదం నేల మీదికి ఒకేసారి దిగుతాయి. అరచెయ్యి రోలు, పిడికిలి రోకలి. ఒంటి బరువు కిందికి దిగడం ఎలాగో, ఆ బరువు చేతిలోకి రావడం ఎలాగో ఈ ఒక్క కదలికలో పాఠం మొత్తం ఉంది. వడ్లు దంచిన చేతులకు ఈ పాఠం వేరే చెప్పక్కర్లేదు. రోకలిని ఎత్తుతారు కానీ తొయ్యరు, దాని బరువుతో అది దిగుతుంది. ఇక్కడ తగిలేది పిడికిలి వీపు కాబట్టి లెక్క ప్రకారం ఇది ‘జా’ రకం. సుత్తి పిడికిలికి సొంత అన్న.

తాయ్‌చీలోనే ‘పియే షెన్ చ్వేయ్’ అని ఇంకోటి ఉంది. వెనక్కు తిరుగుతూ, ఆ తిరుగుడులోంచి పిడికిలిని విసరడం. కొందరు గురువులు దీన్ని పిడికిలి వీపుతో, కొందరు చక్రంతో నేర్పుతారు. రెండింట్లోనూ పని చేసేది నడుమే.

దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో పుట్టిన చోయ్ లీ ఫట్ శైలిని చాన్ హ్యుంగ్ 1836లో స్థాపించాడని ఆ సంప్రదాయం వాళ్లు చెబుతారు. చ్వేయ్ అనే మాటను అక్కడి కాంటనీస్ భాషలో ‘చోయ్’ అని పలుకుతారు. శైలి పేరులోని చోయ్ మాత్రం ఒక గురువు ఇంటిపేరు, అది వేరే మాట. ఈ శైలిలో చేతులు జల్లెడ తిప్పినట్టు పెద్దగా తిరుగుతాయి. ఒక చేయి పైనుంచి దిగి ఎదుటివాడి చేతిని తుడిచేస్తే, ఆ ఊపు ఆగకముందే రెండోది వస్తుంది. ‘గ్వా చోయ్’ పిడికిలి వీపుతో, ‘కప్ చోయ్’ మూత పెట్టినట్టు పైనుంచి.

ఉత్తరాన హెబెయ్ ప్రావిన్సులోని త్సాంగ్‌జౌ ప్రాంతం యుద్ధవిద్యలకు పెట్టింది పేరు. అక్కడి పిగ్వా శైలి పేరులోనే ‘పి’ ఉంది. భుజాలు వదిలేసి రెండు చేతులూ గాలిమర రెక్కల్లా తిప్పి దించడం దాని ప్రత్యేకత. ఎక్కువగా తెరిచిన అరచేత్తోనే కొడతారు, అయినా పిడికిలి చక్రంతో కొట్టేవాళ్లకు కావలసిన భుజం ఇక్కడే తయారవుతుంది. దానికి జోడీగా అదే ప్రాంతంలో బాజీ శైలి నేర్పుతారు. బాజీది దగ్గర్నుంచి మోచేత్తో, భుజంతో కొట్టే పద్ధతి. ఒకటి దూరానికి, ఒకటి దగ్గరికి. ఈ బాజీకి పుట్టిల్లు మెంగ్‌త్సున్. అది హుయీ ముస్లింల స్వయంపాలిత కౌంటీ. బాజీకి మూలపురుషుడిగా చెప్పుకునే వూ జోంగ్ కూడా హుయీనే.

హుయీల పది వరుసలు

చైనాలో ప్రభుత్వం గుర్తించిన ముస్లిం జాతులు పది. వాటిలో హుయీలు కోటికి పైగా ఉంటారు. భాష చైనీసే, దీన్ ఇస్లాం. చాలా హుయీ బస్తీల్లో మస్జిద్ ఆవరణే కుర్రాళ్లకు సాధన చేసుకునే చోటు కూడా. హైదరాబాద్ పాతబస్తీలో తాలీంఖానాలు చూసిన కుటుంబాలకు ఇందులో వింత ఏమీ ఉండదు.

వాళ్ల విద్యల్లో అందరికీ తెలిసినది ‘తాన్‌త్వేయ్’. స్ప్రింగులా విసిరే కాలు అని అర్థం. హుయీలు నేర్పే రకాన్ని ‘జియావ్‌మెన్ తాన్‌త్వేయ్’ అంటారు. జియావ్‌మెన్ అంటే మతం వాకిలి, అంటే మన దీన్ వాళ్లది అని చెప్పుకోవడం. ఇందులో పది వరుసలున్నాయి. పూర్వం 28 ఉండేవనీ, అరబీ అక్షరాలు 28 కాబట్టి ఒక్కో అక్షరానికి ఒక్కో వరుస పెట్టారనీ, తర్వాత వాటిని కుదించి పది చేశారనీ ఆ సంప్రదాయంలో చెప్పుకుంటారు. షాంఘైలో 1910లో మొదలైన జింగ్‌వూ సంఘం తన పాఠ్యక్రమంలో పెట్టుకున్నది పన్నెండు వరుసల రకం. దాని ద్వారా తాన్‌త్వేయ్ ఆగ్నేయాసియా దాకా వెళ్లింది.

పేరులో కాలు ఉన్నా ఈ వరుసల్లో చేతి పనే ఎక్కువ. మూడో వరుసలో చేతులు బండి చక్రంలా తిరిగి పైనుంచి కిందికి దిగుతాయి. కొన్ని పాఠాల్లో ఈ వరుస పేరులోనే పి, జా రెండు మాటలూ పక్కపక్కన ఉంటాయి. చేసే తీరు కూడా గమనించాల్సిందే. ఒక గీత మీద నడుస్తూ ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు అదే కదలిక చెయ్యాలి. గీత చివరికి వెళ్లాక తిరిగి రావాలి. రెండు చేతులకూ సమానంగా పని పడుతుంది. ఎదురుగా ఇటుక లేదు, బస్తా లేదు. ఖాళీ గాలిలోనే. కొట్టిన చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కడ సొంతంగా ఆగడం నేర్చుకుంటుంది. అది గాలిని కొట్టడం కంటే చాలా కష్టం.

హుయీల మరో పెద్ద విద్య చా చువాన్. మింగ్ రాజుల కాలంలో జపాన్ సముద్రపు దొంగల మీద యుద్ధానికి పడమటి దేశాల నుంచి వెళ్తున్న ఒక ముస్లిం యోధుడు దారిలో జబ్బుపడ్డాడట. షాన్‌డాంగ్‌లోని గ్వాన్ కౌంటీ పల్లెవాళ్లు అతనికి సేవ చేసి బతికించారు. ఆ రుణం తీర్చుకోవడానికి అతను వాళ్లకు తన విద్య నేర్పాడు. అతని చైనా పేరులోని చా అనే ఇంటిపేరుతోనే శైలికి ఆ పేరు వచ్చింది. ఇది తరతరాలుగా చెప్పుకుంటున్న కథ, కాగితం మీద సాక్ష్యం ఉన్న చరిత్ర కాదు. కానీ గ్వాన్ కౌంటీ చా చువాన్‌కు కేంద్రమన్నది మాత్రం నిజం.

ఈ విద్యలను 20వ శతాబ్దంలోకి తీసుకొచ్చిన పేరు వాంగ్ జిపింగ్. 1881లో త్సాంగ్‌జౌలో హుయీ కుటుంబంలో పుట్టాడు. జినాన్‌లో యాంగ్ హాంగ్‌షియు దగ్గర చా చువాన్ నేర్చుకున్నాడు. 1928లో నాన్‌జింగ్‌లో సెంట్రల్ గువోషు ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు అందులో షావొలిన్ విభాగానికి అధిపతి అయ్యాడు. 1960లో చైనా ప్రధాని జౌ ఎన్‌లై బర్మా వెళ్లినప్పుడు వెంట వెళ్లిన బృందంలో ఉన్నాడు, అప్పటికి ఆయనకు 80 దగ్గర. 1973లో చనిపోయాడు. కూతురు వాంగ్ జురోంగ్ షాంఘై శారీరక విద్యా సంస్థలో ప్రొఫెసర్ అయింది. ఆ తరంలో ఒక ముస్లిం ఇంటి ఆడపిల్ల ఈ విద్యలో ఆ స్థాయికి వెళ్లడం చిన్న విషయం కాదు.

వాంగ్ జిపింగ్ జీవితంలో ఈ వ్యాసానికి మరీ అవసరమైన విషయం ఇంకోటి ఉంది. ఆయన ఎముకలు సరిచేసే వైద్యుడు. షాంఘైలో ఎక్కువ పేరు దానితోనే. వయసు మీదపడిన వాళ్ల కోసం ఇరవై వ్యాయామాలు కూడా కూర్చాడు. చైనాలో ఇది అరుదు కాదు. పాత గురువులు కొట్టడం, కట్టు కట్టడం రెండూ నేర్చుకునేవాళ్లు. పడిన దెబ్బలకూ తగిలిన దెబ్బలకూ చేసే ఆ వైద్యానికి ‘దియే దా’ అని పేరు. శిష్యుడి చేయి వాస్తే జవాబుదారీ గురువుదే.

ఇటుకల సంగతి

మన ఊళ్లలో క్లాసుల వార్షికోత్సవం అంటే పెంకులు పగలాల్సిందే. వరసగా పేర్చిన బెంగుళూరు పెంకుల మీద పదేళ్ల పిల్లాడు సుత్తి పిడికిలి దించుతాడు, తల్లిదండ్రులు వీడియో తీస్తారు. ఇందులో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. పెంకును, ఇటుకను రెండు చివర్ల ఆధారం మీద పెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. పైనుంచి దెబ్బ పడగానే అది కొద్దిగా వంగుతుంది. పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. కాల్చిన మట్టికీ సిమెంటుకూ నొక్కుడును తట్టుకునే బలం ఉంది, సాగుడును తట్టుకునే బలం లేదు. పగులు కింది నుంచే మొదలవుతుంది. అదే ఇటుకను నేల మీద పెట్టి కొడితే పగలదు. కాబట్టి ఇది ఎముకల గొప్పతనం కంటే అమరిక గొప్పతనం.

ఇబ్బంది పగిలినప్పుడు కాదు, పగలనప్పుడు. భయపడి చివరి క్షణంలో చెయ్యి వెనక్కు తీసుకున్న పిల్లాడికి ఇటుక పగలదు. దానిలోకి పోవాల్సిన తాకిడి తిరిగి చేతిలోకే వస్తుంది.

చేతిని గట్టిపరిచే సాధన చైనాలోనూ ఉంది. ఐరన్ పామ్ అంటారు. పెసలు నింపిన సంచి మీద మొదలుపెట్టి, గులకరాళ్లు, తర్వాత ఇనుప రజను దాకా వెళ్తారు. ప్రతిరోజూ మూలికల తైలం రాస్తారు. ఇది పెద్దవాళ్లు ఒక గురువు కళ్లెదుట, చాలా నెమ్మదిగా చేసేది. ఎముక మీద బరువు పడేకొద్దీ ఎముక దానికి తగ్గట్టు మారుతుందని జర్మన్ డాక్టర్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అది నిజమే. కానీ చేతిలో ఎముక ఒక్కటే లేదు కదా.

సుత్తి పిడికిలి తగిలే ఆ మెత్తటి కండ కింద, మణికట్టుకు దగ్గరగా హామేట్ అనే చిన్న ఎముక ఉంటుంది. దానికి కొక్కెంలాంటి మొన ఉంది. ఆ మొన పక్కనుంచే అల్నార్ అనే రక్తనాళం, అదే పేరున్న నరం వేళ్లకు వెళ్తాయి. పదే పదే అక్కడ గట్టి వస్తువు తగిలితే రక్తనాళం ఆ కొక్కెం మీద నలుగుతుంది. గోడ దెబ్బతిని లోపల రక్తం గడ్డకట్టొచ్చు, నాళం బుడగలా ఉబ్బొచ్చు. ఆ గడ్డలు వేళ్లలోని సన్నటి నాళాల్లోకి పోతే వేళ్లకు రక్తం అందదు. దీన్ని వైద్యులు హైపోథెనార్ హ్యామర్ సిండ్రోమ్ అంటారు. 1934లో వాన్ రోసెన్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు, 1970 నుంచి ఈ పేరు వాడుకలో ఉంది. పేరులో సుత్తి ఉండడం కాకతాళీయం కాదు. అరచేతి మడమనే సుత్తిలా వాడే మెకానిక్కులు, వడ్రంగులలో ఇది ఎక్కువగా బయటపడింది. కరాటే లాంటివి చేసేవాళ్లలో కూడా కనపడింది. ఎముక గట్టిపడుతుంది, రక్తనాళం గట్టిపడదు. అది అరిగిపోతుంది.

పిల్లల విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఎముకల చివర్ల దగ్గర ఎదుగుదల జరిగే మెత్తటి పొర ఉంటుంది. మణికట్టు దగ్గర అది టీనేజీ చివరి దాకా పూర్తిగా గట్టిపడదు. అక్కడ గట్టి దెబ్బ తగిలితే ఎముక ఎదుగుదలే దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి పిల్లలకు సుత్తి పిడికిలి నేర్పడం తప్పు కాదు, గట్టి వస్తువు మీద కొట్టించడం తప్పు. గాలిలో, తర్వాత గురువు పట్టుకున్న మెత్తటి ప్యాడ్ మీద, రెండు చేతులతో. అంతకు మించి ఆ వయసులో అవసరం లేదు. క్లాసు చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులు గోడ మీద ఉన్న మెడల్స్ కంటే ముందు చూడాల్సింది ప్యాడ్లు ఎన్ని ఉన్నాయన్నది. ప్రదర్శన కోసం పిల్లాడిని ఇటుక ముందు నిలబెడతామంటే వద్దని చెప్పే హక్కు వాళ్లకుంది. బెల్టు పరీక్ష పేరు చెప్పినా సరే.

రింగులోనూ, రోడ్డు మీదా

బాక్సింగ్‌లో సుత్తి పిడికిలికి చోటు లేదు. గ్లవ్ ముందు భాగం, కణుపులు తగిలితేనే లెక్క, పక్కభాగంతో కొట్టడం ఫౌల్. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో మాత్రం ఇది రోజూ కనపడుతుంది. ఎదుటివాడు నేల మీద పడ్డాక పైనుంచి కొట్టేవి చాలావరకు ఇవే, కణుపులు నేలకు తగిలి విరిగే భయం ఉండదు కాబట్టి. అక్కడ కూడా తల వెనక భాగం మీద కొట్టడం నిషేధం. మెడ వెనక, తల వెనక పడిన సుత్తి దెబ్బ ప్రాణం తీయగలదు. ఇంటి దగ్గర అన్నదమ్ములు సరదాకు కూడా అక్కడ కొట్టుకోకూడదని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

ఆత్మరక్షణలో ఈ దెబ్బ పని తప్పించుకోవడానికి దారి చేసుకోవడం. చెయ్యి పట్టుకున్నవాడి ముంజేతి మీద దించితే పట్టు సడలుతుంది. ముక్కు, కాలర్ బోన్ లాంటి చోట్లకు అంతకంటే పెద్ద ప్రమాదం ఎదురైతేనే. చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. తనను గానీ, ఇంకొకరిని గానీ కాపాడుకోవడానికి బలం వాడొచ్చు, కానీ కాపాడుకోవడానికి ఎంత కావాలో అంతే. వదిలి పారిపోతున్నవాడి వీపు మీద పడే పిడిగుద్దు ఆ లెక్కలోకి రాదు.

చాలాకాలంగా ఇటుకలు, బస్తాలు కొడుతున్నవాళ్లకు ఉంగరపు వేలు, చిటికెన వేలు చల్లబడటం, తెల్లబడటం, చలికి నొప్పి పెట్టడం, తిమ్మిరి రావడం మొదలైతే ఆ రోజుతోనే కొట్టడం ఆపాలి. తైలం రాసి కట్టు కట్టుకుంటే పోయేది కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘చెయ్యి నొప్పి’ అని మాత్రమే చెబితే ఎక్స్‌రే తీసి, ఎముక బాగుందని పంపించేయొచ్చు. ఎక్స్‌రేలో రక్తనాళం కనపడదు. అరచేతి ఈ భాగంతో గట్టి వస్తువులను కొట్టే అలవాటు ఉందని, ఎన్నేళ్ల నుంచో కూడా చెప్పాలి. అప్పుడు వాళ్లు మణికట్టు దగ్గర రెండు నాళాలనూ నొక్కి, ఒక్కొక్కటి వదిలి, అరచేతికి రంగు ఎంతసేపట్లో తిరిగి వస్తుందో చూస్తారు. అవసరమైతే డాప్లర్ స్కాన్ రాస్తారు.